ఆకు నుంచి పిండాలా, ఫ్లాస్కులో పెంచాలా?

పోయిన నెల ఒక జవాబు చివర్లో మాటవరసకి, కొన్ని మందుల్ని ఇప్పుడు చెట్టు నరక్కుండా దాని కణాల్నే స్టీలు ట్యాంకులో పెంచి తీస్తున్నారు అని ఒక ముక్క రాసి వదిలేశాను. దానిమీద వచ్చినన్ని ప్రశ్నలు ఈమధ్య దేనిమీదా రాలేదు. అందుకే ఈసారి వేరే టాపిక్ లేదు, మొత్తం ఇదే. ఒకేలా ఉన్న ప్రశ్నల్ని కలిపేశాను, ఎవరిదైనా మిస్సయితే ఏమనుకోకండి.

ప్రశ్న: బీఫార్మసీ మూడో ఏడు చదువుతున్నా సార్. సెమినార్‌కి 'సెల్ కల్చర్ వర్సెస్ ఎక్స్‌ట్రాక్షన్' అని టాపిక్ ఇచ్చారు. ఎక్కడ వెతికినా ఇటు లాభాలు అటు నష్టాలు అని రెండు కాలమ్‌ల టేబులే కనిపిస్తోంది, ఏది బెటరో ఎవరూ సూటిగా చెప్పట్లేదు. మీరైనా చెప్పండి.

జవాబు: ఆ 'వర్సెస్' దగ్గరే చిక్కంతా. ఎక్స్‌ట్రాక్షన్ అంటే ముడిసరుకులో ఇరుక్కుపోయిన పదార్థాన్ని సాల్వెంట్‌తో, అంటే దాన్ని కరిగించే ద్రవంతో, బయటికి లాగి, మిగతా చెత్త నుంచి వేరుచేయడం, పసరు తీయడం లాంటిదే కాకపోతే బాగా పెద్దెత్తున, బాగా జాగ్రత్తగా. సెల్ కల్చర్ అంటే ఆ ముడిసరుకునే అడవిలోనో పొలంలోనో కాకుండా ట్యాంకులో పుట్టించడం. అంటే కల్చర్ పోటీ పడేది పొలంతో. మొక్కల మందుల్లో అయితే ట్యాంకులో కణాలు పెరిగాక కూడా వాటిలోంచి మందుని లాగడానికి మళ్ళీ సాల్వెంటే కావాలి, మళ్ళీ క్రొమటోగ్రఫీ కాలమ్ మీద వేసి మిగతావాటి నుంచి వేరుచేయాలి, మళ్ళీ క్రిస్టల్స్ కట్టించాలి. ఈ ఒక్కటి పట్టుకున్నారంటే మీ సెమినార్ సగం అయిపోయినట్టే, మీ సార్ ముందు ఆ టేబుల్ మాత్రం పెట్టకండి.

ట్యాక్సాల్ అనే క్యాన్సర్ మందు కథ చూడండి, అందులో అన్నీ ఉన్నాయి. 1962లో అమెరికా పశ్చిమ తీరం అడవుల్లో పసిఫిక్ యూ అనే చెట్టు బెరడు శాంపిల్ తీశారు, క్యాన్సర్ మందుల కోసం వేల మొక్కల్ని జల్లెడ పడుతున్న రోజులవి. మన్రో వాల్, మన్‌సుఖ్ వాణీ అనే ఇద్దరు కెమిస్టులు అందులోంచి పనిచేసే పదార్థాన్ని వేరుచేసి 1971లో దాని నిర్మాణం బయటపెట్టారు. మందు బ్రహ్మాండంగా ఉంది, సరుకే లేదు. బెరడులో అది ఉండేది సుమారు 0.01 శాతం. వందేళ్ళు పెరిగిన చెట్టు బెరడంతా ఒలిస్తే 3 కిలోలు వస్తుంది, దాంట్లోంచి తిప్పికొడితే 300 మిల్లీగ్రాములు, అంటే ఒక మనిషికి ఒక డోసు. బెరడు ఒలిచాక చెట్టు బతకదు. ఆ చెట్టేమో నత్తనడకన పెరిగే రకం. 1992 చివర్లో అండాశయ క్యాన్సర్‌కి మందుగా పర్మిషన్ వచ్చేసరికి, ఇటు పేషెంట్లు అటు అడవి, ఎవర్ని కాపాడాలి అన్నంత దాకా వెళ్ళింది గొడవ.

అప్పుడు ఒక మధ్యేమార్గం దొరికింది. యూరప్‌లో పెరిగే ఇంకో రకం యూ చెట్టు ఆకుల్లో ట్యాక్సాల్‌కి ముందు మెట్టు లాంటి పదార్థం ఉంది, ఆకులు కోస్తే చెట్టు చావదు, మళ్ళీ చిగురిస్తుంది. ఆకుల నుంచి ఆ సగం సరుకు తీసి మిగతా సగం కెమిస్ట్రీతో పూర్తిచేశారు, దీన్నే సెమీ సింథసిస్ అంటారు. బాగానే నడిచింది గానీ బోలెడు సాల్వెంట్లు, స్టెప్పు స్టెప్పుకీ ఆరబెట్టడాలు. తర్వాత బ్రిస్టల్ మయర్స్ స్క్విబ్ అనే మందుల కంపెనీ వాళ్ళు యూ కణాల్నే చక్కెర, అమైనో ఆమ్లాలు, విటమిన్లు కలిపిన నీళ్ళలో పెద్ద ట్యాంకుల్లో పెంచే పద్ధతికి మారిపోయారు. దీంతో 10 సాల్వెంట్లు, 6 ఆరబెట్టే స్టెప్పులు తగ్గాయని 2004లో అమెరికా పర్యావరణ సంస్థ నుంచి గ్రీన్ కెమిస్ట్రీ అవార్డు కూడా వచ్చింది. అయినా చివర్లో కణాల్లోంచి మందుని లాగింది ఎక్స్‌ట్రాక్షన్‌తోనే, ఆ తర్వాత క్రొమటోగ్రఫీ, ఆ తర్వాత క్రిస్టలైజేషన్. మారిందల్లా ముడిసరుకు పుట్టిన చోటు.

ఏది బెటర్ అని మళ్ళీ అడుగుతారు కాబట్టి నా లెక్క చెప్తా. మొక్క త్వరగా పెరిగేదై, అందులో సరుకు దండిగా ఉండి, పొలంలో వేసుకోగలిగితే పొలాన్ని కొట్టేది లేదు. మొక్క అరుదై, ఏళ్ళ తరబడి పెరగాల్సినదై, కోస్తే చచ్చిపోయేదై, కావాల్సిన మందు కిలోల్లో తప్ప టన్నుల్లో కాకపోతే అప్పుడు కల్చర్ గురించి ఆలోచించొచ్చు. అదీ ఆ కణాలు ఒప్పుకుంటేనే, ఆ 'ఒప్పుకోవడం' ఏంటో కింది ప్రశ్నల్లో వస్తుంది.

ప్రశ్న: కణాల్ని ట్యాంకులో పెంచడం అంటే లోపల చిన్న చిన్న మొక్కలు పెరుగుతాయా? అసలు చూడ్డానికి ఎలా ఉంటుంది?

జవాబు: మొక్క ఏమీ ఉండదండీ. ఆకు లేదు వేరు లేదు కాండం లేదు. ఆకు ముక్కో వేరు ముక్కో శుభ్రంగా కడిగి క్రిములు లేకుండా చేసి, హార్మోన్లు కలిపిన జెల్లీ మీద పెడితే కొన్ని వారాలకి కోసిన అంచు నుంచి తెల్లగానో లేత పసుపుగానో ఒక ముద్ద పొంగుకొస్తుంది. దాన్ని క్యాలస్ అంటారు. దెబ్బ తగిలిన చెట్టు మీద బొడిపె కట్టడం చూసే ఉంటారు, అలాంటిదే. నేను ఆకునా వేరునా అని మర్చిపోయిన కణాల గుంపు అది. ఆ ముద్దని విదిలించి ద్రవంలో వేసి షేకర్ మీద తిప్పుతూ ఉంటే విడివిడిగా, చిన్న గుంపులుగా పెరుగుతాయి. ఫ్లాస్కు పట్టుకుని ఒక్క తిప్పు తిప్పి ఆపితే తడి ఇసుకలా మెల్లగా అడుగుకి దిగుతాయి. ఆరోగ్యంగా ఉన్న కల్చర్‌కి పెద్ద వాసనేమీ ఉండదు, మూత తీస్తే లేతగా పచ్చి వాసన, అంతే.

నేను కొన్నేళ్ళు ఈ పనిలోనే ఉన్నాను కాబట్టి చెప్తున్నా, ఇందులో కష్టం పెంచడం కాదు, కాపలా కాయడం. బ్యాక్టీరియా అయితే 20 నిమిషాలకి రెట్టింపవుతుంది. మొక్క కణం రెట్టింపు కావడానికి రెండు మూడు రోజులు, ఒక్కోసారి ఐదు రోజులు కూడా. రెండూ ఒకే చక్కెర నీళ్ళలో పడ్డాయనుకోండి, ఎవరు గెలుస్తారో వేరే చెప్పాలా! ఒక సోమవారం పొద్దున షేకర్ రూమ్ తలుపు తీయగానే పుల్లటి వాసన కొట్టింది, 24 ఫ్లాస్కుల్లో 19 పాలలా తెల్లగా తిరిగిపోయి ఉన్నాయి. నాలుగు నెలల నుంచి పెంచుకొస్తున్న కణాల లైను. ఎవరో దూది మూత సరిగ్గా బిగించలేదు, ఆ ఎవరో నేనే కావచ్చు కూడా, ఇప్పటికీ తేల్లేదు. పొలంలో నాలుగు కలుపు మొక్కలు వస్తే పీకేస్తాం, ట్యాంకులో ఒక్క క్రిమి దూరితే బ్యాచ్ మొత్తం ఆటోక్లేవ్‌లో, అంటే వేడి ఆవిరితో క్రిముల్ని చంపే యంత్రంలో, పడేసి డ్రైనేజీకి పంపడమే.

ఇంకోటి, మొక్క కణాలు సైజులో పెద్దవి, లోపల చాలా భాగం నీటి సంచే ఉంటుంది, బయట గట్టి గోడ. ఎక్కువ జోరుగా తిప్పితే చితికిపోతాయి, తక్కువ తిప్పితే గాలి అందక అడుగున పేరుకుని చస్తాయి. అందుకే ఫ్లాస్కులో బంగారంలా నడిచింది పెద్ద ట్యాంకులో పెట్టగానే మొండికేస్తుంది.

అయితే కుదిరిన చోట మాత్రం చూడముచ్చటగా ఉంటుంది. షికోనిన్ అని ఎర్రటి రంగు పదార్థం ఒకటుంది, జపాన్‌లో ఒక మొక్క వేరు నుంచి తీసేవాళ్ళు, గాయాల మందుకి, రంగుకి. వేరు కోతకి రావాలంటే ఏళ్ళు పడుతుంది, అప్పటికీ అందులో ఉండేది 1 నుంచి 2 శాతం. 1980ల మొదట్లో మిత్సుయి పెట్రోకెమికల్ వాళ్ళు దీన్ని సెల్ కల్చర్‌కి మార్చారు, మొక్క కణాల కల్చర్‌తో మార్కెట్‌కి వచ్చిన మొదటి సరుకు ఇదే, కనెబో వాళ్ళు దాంతో లిప్‌స్టిక్ కూడా అమ్మారు. కిటుకేంటంటే రెండు దశలు. మొదటి మీడియంలో, అంటే పోషకాలు కలిపిన నీళ్ళలో, కణాలు తెల్లగా బుద్ధిగా పెరుగుతాయి గానీ రంగు చేయవు. అమ్మోనియం నైట్రోజన్ ఉన్నంతసేపు, వెలుతురు తగిలినంతసేపు అవి షికోనిన్ ముట్టుకోవు. వాటిని అమ్మోనియం లేని రెండో మీడియంలోకి మార్చి చీకట్లో ఉంచితే ఎర్రబడతాయి. మొత్తం సుమారు మూడు వారాల్లో ఎండు బరువులో పది శాతానికి చాలా పైగా షికోనిన్. సుఖంగా ఉన్నప్పుడు పెరగడం, ఇబ్బంది పెట్టినప్పుడు మందు చేయడం, చాలా మొక్కల కణాల గుణం ఇదే. యూ కణాల్ని కూడా మిథైల్ జాస్మొనేట్ అనే పదార్థం వేసి ఉలిక్కిపడేలా చేస్తారు, పురుగు కొరికినప్పుడు మొక్క లోపల మోగే అలారం లాంటిదది, అప్పుడు ట్యాక్సాల్ పెరుగుతుంది.

ప్రశ్న: బిళ్ళగన్నేరు నుంచి క్యాన్సర్ మందు వస్తుందని చిన్నప్పటి నుంచి పాఠాల్లో చదువుతున్నాం. అంత మామూలు మొక్క కదా, దాని కణాల్ని ట్యాంకులో పెంచి ఈపాటికి కుప్పలు తెప్పలుగా చేసి ఉండాలి. ఎందుకు చేయలేదు?

జవాబు: ప్రయత్నించని వాడు లేడు. మొక్క కణాల కల్చర్ మీద ప్రపంచంలో ఎక్కువ పరిశోధన జరిగిన మొక్కల్లో ఇదొకటి. దీన్నుంచి వచ్చే క్యాన్సర్ మందుల్లో విన్‌బ్లాస్టిన్ 1 గ్రాము కావాలంటే ఎండిన ఆకు సుమారు 500 కిలోలు, విన్‌క్రిస్టిన్ 1 గ్రాముకైతే 2,000 కిలోల దాకా కావాలి, అలాంటప్పుడు ట్యాంకులో వస్తే ఎవరికి చేదు చెప్పండి. కానీ రాలేదు. కారణం చాలా అందంగా ఉంటుంది, కాస్త ఓపిగ్గా చదవండి.

విన్‌బ్లాస్టిన్ అంటే రెండు అణువులు అతుక్కుని ఒకటైన జంట. ఒకటి క్యాథరాంథిన్, ఇంకోటి విండోలిన్. కల్చర్‌లో క్యాథరాంథిన్ చక్కగా వస్తుంది. విండోలిన్ రాదు. ఎందుకు రాదంటే మొక్క దాన్ని ఒకే గదిలో వండదు. ఆకులో కొన్ని స్టెప్పులు సిరల పక్క కణాల్లో, కొన్ని పైపొర కణాల్లో, చివరి స్టెప్పులు పాలు ఉండే ప్రత్యేక కణాల్లో జరుగుతాయి, మధ్యలో సరుకు ఒక గది నుంచి ఇంకో గదికి నడుస్తూ ఉంటుంది. అంతకన్నా చిత్రం, తయారైన క్యాథరాంథిన్ ఆకు పైన మైనపు పూతలోకి వెళ్ళి కూర్చుంటుంది, విండోలిన్ ఆకు లోపలే ఉండిపోతుంది. పెళ్ళికొడుకు వీధిలో, పెళ్ళికూతురు ఇంట్లో అన్నమాట. ఇక క్యాలస్ సంగతి పైన చెప్పాను కదా, తాను ఎవరో మర్చిపోయిన కణాల గుంపు, దాంట్లో సిర లేదు పైపొర లేదు పాలకణం లేదు. పనివాళ్ళంతా ఉన్నారు గానీ ఎవరి పని వాళ్ళకి గుర్తులేదు.

కణాలు ఒప్పుకోవాలి అన్నది ఇందుకే. ఎక్స్‌ట్రాక్షన్‌కి ఉన్న అసలు బలం కూడా ఇక్కడే ఉంది, కెమిస్ట్రీ అంతా మొక్క చేసేసింది, ఎలా చేసిందో మనకి అర్థం కాకపోయినా పర్లేదు, తీసుకుంటే చాలు. కల్చర్‌లో అయితే ఆ మొక్క రహస్యం కనీసం సగమైనా తెలియాలి. 2022లో ఈస్ట్ కణాల్లో బోలెడు జన్యువులు అతికించి క్యాథరాంథిన్, విండోలిన్ రెండూ చేయించారు, తర్వాత వాటిని కెమిస్ట్రీతో కలిపి విన్‌బ్లాస్టిన్ చేశారు, అది గొప్ప పనే. కానీ అది ఈస్ట్ ఫెర్మెంటేషన్, మొక్క కణాల కల్చర్ కాదు. ఈ రెండింటినీ ఒకే గాటన కట్టి రాసేవాళ్ళని చూస్తే నాకు చిర్రెత్తుకొస్తుంది.

ప్రశ్న: మొక్కల సంగతి సరే. జంతువుల నుంచి, మనుషుల నుంచి తీసే మందులు కూడా ఉండేవని మా అమ్మాయి చెప్తే నమ్మలేదు. నిజమేనా? అవి ఎందుకు మానేశారు?

జవాబు: నిజమేనండీ, మీ అమ్మాయిది కరెక్టు. పైగా కల్చర్ ఎక్స్‌ట్రాక్షన్‌ని గట్టిగా వెనక్కి నెట్టింది మొక్కల్లో కాదు, ఇక్కడే.

ఇన్సులిన్ అందరికీ తెలిసిందే. 1921లో టొరంటోలో బాంటింగ్, బెస్ట్ కనిపెట్టాక దాదాపు అరవై ఏళ్ళు పశువుల, పందుల క్లోమ గ్రంథుల నుంచే తీశారు. 8 ఔన్సుల ఇన్సులిన్‌కి, అంటే పావుకిలో లోపే, రెండు టన్నులకి పైగా పంది గ్రంథులు. పంది ఇన్సులిన్‌కి మన ఇన్సులిన్‌కి ఒక్క అమైనో ఆమ్లం తేడా, ఆవుదానికి మూడు. లక్షల ప్రాణాలు నిలబెట్టింది ఆ ఎక్స్‌ట్రాక్షనే, దాన్ని తక్కువ చేయకూడదు. 1982లో బ్యాక్టీరియాతో చేసిన మనిషి ఇన్సులిన్ వచ్చింది.

గ్రోత్ హార్మోన్ సంగతి మాత్రం చదువుతుంటే కడుపులో తిప్పుతుంది. ఎత్తు పెరగని పిల్లలకి ఇచ్చే ఈ హార్మోన్ జంతువులది మనకి పనిచేయదు, అందుకని చనిపోయినవాళ్ళ పీయూష గ్రంథుల నుంచి తీసేవాళ్ళు, వేల గ్రంథులు కలిపి ఒకే బ్యాచ్. వాటిలో ఏ ఒక్కరికో మెదడుని తినేసే క్రూట్స్‌ఫెల్ట్ యాకబ్ జబ్బు ఉంటే అది బ్యాచ్ మొత్తానికి అంటుకుంది. పిల్లలుగా ఇంజెక్షన్లు తీసుకున్నవాళ్ళు పెద్దయ్యాక ఆ జబ్బుతో చనిపోవడం 1985లో బయటపడింది. అమెరికాలో వెంటనే ఆపేశారు, అదే ఏడాది జన్యు మార్పిడితో చేసిన హార్మోన్‌కి అనుమతి వచ్చింది. తప్పంతా ఎక్స్‌ట్రాక్షన్ టెక్నిక్‌దే కాదు, ముడిసరుకు ఎక్కడి నుంచి వస్తోందో ఒక్కొక్కటీ పరీక్షించలేకపోవడం కూడా.

ఇక నాకు బాగా ఇష్టమైనది గోషే జబ్బు మందు కథ, ఎందుకంటే ఒకే ఎంజైమ్ మూడు దారుల్లో వచ్చింది. ఈ జబ్బులో ఒక ఎంజైమ్ పుట్టుకతోనే లోపం, దాంతో ఒక రకం కొవ్వు కరగక కాలేయం, ప్లీహం ఉబ్బిపోతాయి, ఎముకలు దెబ్బతింటాయి. 1991లో వచ్చిన మొదటి మందుని ప్రసవమయ్యాక పారేసే మాయ నుంచి తీసేవాళ్ళు. ఒక్క పేషెంటుకి ఒక్క ఏడాదికి 20,000కి పైగా మాయలు కావాలి! ఆసుపత్రుల నుంచి పోగుచేసుకురావాలి, గడ్డకట్టించాలి, రుబ్బాలి, వడకట్టాలి. ప్రపంచంలో ఉన్న గోషే పేషెంట్లందరికీ ఇవ్వాలంటే ప్రసవాలు చాలవు అనే పరిస్థితి. 1994లో జెన్‌జైమ్ వాళ్ళు అదే ఎంజైమ్‌ని చైనీస్ హ్యామ్‌స్టర్ అనే చిన్న ఎలుక జాతి జంతువు అండాశయ కణాల్లో తయారుచేశారు. ఆ కణాల్నే సీహెచ్‌ఓ కణాలంటారు, ఇవాళ ఖరీదైన బయోలాజికల్ మందుల్లో, అంటే ప్రాణమున్న కణాలతో చేయించే మందుల్లో, చాలావాటికి అవే ఫ్యాక్టరీ.

మూడో దారి కారట్. నవ్వకండి. 2012లో అనుమతి వచ్చిన గోషే మందుని ఇజ్రాయెల్‌కి చెందిన ప్రొటాలిక్స్ వాళ్ళు కారట్ కణాల్లో చేశారు, పెద్ద పెద్ద ప్లాస్టిక్ సంచుల్లో పెంచి. మొక్క కణాల్లో తయారై మనుషులకి ఇంజెక్షన్‌గా అనుమతి పొందిన మొదటి ప్రొటీన్ మందు ఇది. దీంట్లో ఒక కిటుకుంది. ఈ ఎంజైమ్ మన శరీరంలో సరైన కణాల్లోకి వెళ్ళాలంటే దానికి అతుక్కున్న చక్కెర గొలుసు చివర మానోస్ అనే చక్కెర బయటికి కనిపించాలి. మాయ నుంచి తీసినా, హ్యామ్‌స్టర్ కణాల్లో చేసినా ఆ గొలుసు పైన వేరే చక్కెరలు కప్పి ఉంటాయి, వాటిని మళ్ళీ వేరే ఎంజైమ్‌లతో ఒలవాలి. కారట్ కణంలో ఆ ఎంజైమ్‌ని నీటి సంచిలోకి పంపేలా చేస్తే అక్కడ మానోస్ దానంతటదే బయటికి వచ్చి రెడీగా ఉంటుంది. ఒలిచే పనే లేదు.

ప్రశ్న: అంటే ల్యాబ్‌లో చేసిందే సేఫ్ అన్నమాట. మరి మా ఇంట్లో అందరూ 'న్యాచురల్ అయితే మంచిది, కెమికల్ అయితే ప్రమాదం' అంటారు, వాళ్ళకేం చెప్పాలి?

జవాబు: రెండు పార్టీలకీ చెరొక కథ చెప్పండి.

న్యాచురల్ పార్టీకి హెపారిన్. రక్తం గడ్డకట్టకుండా ఇచ్చే ఈ మందుని ఇప్పటికీ పంది పేగుల లోపలి పొర నుంచే తీస్తారు, పక్కా సహజం. 2007, 2008లో అమెరికాలో హెపారిన్ ఎక్కించగానే కొందరికి ఉన్నట్టుండి బీపీ పడిపోవడం, చనిపోవడం కూడా జరిగింది. వెతికితే తేలిందేంటంటే ముడిసరుకు దశలోనే హెపారిన్‌లా కనిపించే వేరే పదార్థం కలిసింది, పేరు ఓవర్ సల్ఫేటెడ్ కాండ్రాయిటిన్ సల్ఫేట్. అప్పటి మామూలు టెస్టుల్లో అది హెపారిన్‌గానే పాసైపోయింది, ఎన్‌ఎంఆర్ లాంటి పెద్ద పరికరాల మీద పెడితే గానీ దొరకలేదు. వేలాది చోట్ల నుంచి పోగయ్యే ముడిసరుకుతో వచ్చే తలనొప్పి ఇది.

ల్యాబ్ పార్టీకి పైన చెప్పిన జెన్‌జైమ్ కథే, రెండో భాగం. 2009లో బోస్టన్‌లో వాళ్ళ ట్యాంకుల్లోకి ఒక వైరస్ దూరింది, మనుషులకి హాని చేసేది కాదు గానీ హ్యామ్‌స్టర్ కణాలు పెరగడం మందగించింది. ప్లాంటు ఆపేసి మొత్తం కడగాల్సొచ్చింది. ఆ కొన్ని నెలలు గోషే పేషెంట్లకి మందు కరువైంది, డోసులు తగ్గించుకున్నారు, అప్పటికింకా పూర్తి అనుమతి రాని కారట్ మందుని కొందరికి ప్రత్యేకంగా ఇచ్చారు. జంతు వైరస్‌లు కారట్ కణాల్లో పెరగలేవు కదా, ఆ రకంగా అది కలిసొచ్చింది. అన్ని గుడ్లూ ఒకే బుట్టలో పెడితే ఏమవుతుందో అదే అయింది, వెయ్యి పొలాల్లో ఒక పొలం పోతే 999 ఉంటాయి, ఒక్కగానొక్క ప్లాంటు పోతే ఏమీ ఉండదు.

మూలం సహజమా కాదా అన్న దాంతో సేఫ్టీ తేలదండీ, చివర్లో ఎంత శుభ్రం చేశారు, ఎంత గట్టిగా టెస్ట్ చేశారు అన్న దాంతో తేలుతుంది. ఇంకో మాట కూడా మీవాళ్ళకి చెప్పండి, యూ చెట్టు బెరడు నుంచి వచ్చినా ట్యాంకులోంచి వచ్చినా శుద్ధి చేశాక ట్యాక్సాల్ అణువు ఒక్కటే. అణువుకి పుట్టిల్లు గుర్తుండదు.

ప్రశ్న: నా ఫేస్ క్రీమ్ డబ్బా మీద 'ప్లాంట్ స్టెమ్ సెల్స్' అని ఉంది. ఇది కూడా ఇదేనా? నిజంగా చర్మాన్ని కొత్తగా పుట్టిస్తుందా?

జవాబు: తయారీ పద్ధతి ఇదే. మొక్క ముక్క నుంచి క్యాలస్ తీసి, ట్యాంకులో పెంచి, ఆ కణాల్ని పగలగొట్టి ఆ రసాన్ని క్రీమ్‌లో కలుపుతారు. అంటే డబ్బాలో ఉన్నది ప్రాణమున్న కణం కాదు, కణాల రసం. ఉన్నా కూడా ఆపిల్ కణం మీ బుగ్గమీద చర్మ కణంగా మారదు. ఆ రసంలో యాంటీఆక్సిడెంట్లు ఉండొచ్చు, పొలంలో పండిన పండు రసంతో పోలిస్తే పురుగుమందు అవశేషాలు ఉండవు, ప్రతి బ్యాచ్ కాస్త ఒకేలా ఉంటుంది, అంతవరకు మంచిదే. మీకు పడితే వాడుకోండి, పేరు చూసి మాత్రం ఎక్కువ ఆశ పెట్టుకోకండి.

ప్రశ్న: అన్నీ ట్యాంకుల్లోకి వెళ్ళిపోతే ఔషధ మొక్కలు పండించే రైతుల గతేంటి?

జవాబు: అంత తొందరగా ఏమీ వెళ్ళవు. మార్ఫిన్‌ని ఇప్పటికీ గసగసాల మొక్క నుంచే తీస్తున్నారు, గుండె జబ్బుకి వాడే డిగాక్సిన్‌ని డిజిటాలిస్ ఆకు నుంచే తీస్తున్నారు. అంతెందుకు, పొలం ట్యాంకుని ఓడించిన సందర్భం కూడా ఉంది.

మలేరియాకి వాడే ఆర్టెమిసినిన్. చైనాలో తూ యూయూ బృందం 1970ల మొదట్లో దీన్ని ఒక రకం మాచిపత్రి జాతి మొక్క నుంచి తీసింది. మొదట్లో మరిగించి తీస్తే పనిచేయలేదు, వేడికి అది పాడైపోతోంది. 35 డిగ్రీల దగ్గరే మరిగే ఈథర్‌తో, వేడి తగలకుండా తీయగానే పనిచేసింది, దానికే 2015లో నోబెల్. ఎక్స్‌ట్రాక్షన్ అంటే ఏదో పాతకాలం పని అనుకునేవాళ్ళకి నేను ఎప్పుడూ చెప్పేది ఇదే, ఒక్క సాల్వెంట్ మార్చడంతో మందు దొరికింది. ఆ మొక్కలో ఈ పదార్థం ఆకు మీద కంటికి ఆనని చిన్న చిన్న గ్రంథి రోమాల్లో తయారవుతుంది, క్యాలస్‌కి రోమాలెక్కడివి, కాబట్టి మొక్క కణాల కల్చర్‌లో దాదాపు సున్నా. బిళ్ళగన్నేరు కథే మళ్ళీ.

తర్వాత ఈస్ట్‌కి జన్యువులు ఎక్కించి దీని ముందు పదార్థాన్ని లీటరుకి 25 గ్రాముల దాకా చేయించగలిగారు, సనోఫీ అనే మందుల కంపెనీ వాళ్ళు 2013లో ఇటలీలో పెద్దెత్తున ఉత్పత్తి మొదలుపెట్టారు కూడా. అందరూ ఇక పొలాల పని అయిపోయింది అనుకున్నారు. ఈలోపు రైతులు విరివిగా వేశారు, పంట బాగా వచ్చింది, మొక్క సరుకు చవకైపోయింది. 2015లో సనోఫీ ఆ ఈస్ట్ పద్ధతిలో ఒక్క గ్రాము కూడా చేయలేదు, తర్వాత ఆ ప్లాంటునే అమ్మేసుకుంది. టెక్నాలజీ ఓడిపోలేదు, లెక్కలో ఓడింది. సూర్యుడు బిల్లు వేయడు, ట్యాంకుకి మాత్రం కరెంటు, స్టెరైల్ గాలి, శుద్ధి చేసిన నీళ్ళు, చక్కెర, రాత్రింబవళ్ళు మనుషులు, అన్నీ కొనాల్సిందే.

ప్రశ్న: ఎమ్మెస్సీ ప్రాజెక్టుకి ఒక ఔషధ మొక్క మీద సెల్ కల్చర్ చేద్దామనుకుంటున్నా. ఆరు నెలల టైముంది. ఏదైనా సలహా?

జవాబు: క్యాలస్ రాగానే ఎగిరి గంతేయకండి. మొదట పొలంలో పెరిగిన మొక్క వేరు, ఆకు, కాండం విడివిడిగా ఎండబెట్టి మిథనాల్‌లో నానబెట్టి టీఎల్‌సీ ప్లేటు (కలిసున్న పదార్థాల్ని విడివిడి చుక్కలుగా చూపించే పలక) మీద పక్కపక్కనే చుక్కలు పెట్టండి, మీకు కావాల్సిన పదార్థం ఏ భాగంలో ఉందో చూడండి. తర్వాత క్యాలస్ సారాన్ని అదే ప్లేటు మీద పెట్టండి. చుక్క కనిపిస్తే ముందుకెళ్ళండి. కనిపించకపోతే ఆ లైను మీద నాలుగు నెలలు పోగొట్టుకోకుండా వేర్ల కల్చర్‌కి మారండి, ఆ పదార్థం వేరులో పుట్టేదైతే వేర్లుగా పెరిగిన కల్చర్‌లో దొరికే అవకాశం ఎక్కువ. మంచి లైను దొరికితే దాంట్లో కొంత వేరే షేకర్ మీద, వీలైతే వేరే గదిలో పెట్టుకోండి. మార్చి మార్చి పెంచుతున్న కొద్దీ కణాలు మందు చేయడం మర్చిపోతుంటాయి కూడా, అందుకని ప్రతి నెలా ఒకసారి ఆ ప్లేటు మళ్ళీ వేసి చూసుకోండి. దూది మూతలు మాత్రం మీరే బిగించండి.